ఒక పెద్ద ఫ్యూయల్ పంపా, రెండు పంపులా: హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే టర్బో కారుకు ఏది నయం

మే నెల మధ్యాహ్నం మెహిదీపట్నం ట్రాఫిక్‌లో నా పాత ఆక్టేవియా 1.8 టర్బో ఆగిపోయింది. ఏసీ నడుస్తోంది, రేడియేటర్ ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వెనక సీటు ఎత్తి చూస్తే ట్యాంకు మూత మీది కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి, ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. అంతకు నాలుగు నెలల ముందే ఒక వర్క్‌షాప్‌లో ట్యాంకు లోపల రెండు 255 పంపులు, అంటే గంటకు 255 లీటర్ల పెట్రోలు తోసే ఫ్యూయల్ పంపులు, వేయించాను. వాళ్లు ఆ రెండింటినీ కంపెనీ ఇచ్చిన వైరుకే, కంపెనీ ఇచ్చిన రిలేకే (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) కలిపేశారు.

టో చేయించి, మలక్‌పేటలో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మాడిన పిన్నును తాత్కాలికంగా శుభ్రం చేసి, బండి స్టార్ట్ చేయించి, మల్టీమీటర్ పెట్టి కొలిచాడు. "బ్యాటరీ కాడ 13.8 ఉంది తమ్మీ, పంపు కాడ 11 వస్తుంది. రెండు పంపులు పెట్టినవ్ గని రెంటికీ తిండి పెడ్తలేవు" అన్నాడు.

ఆ రోజు నుంచి నా బండిలో, మిత్రుల బండ్లలో మీటరు పట్టుకుని చూసినవాటిని కలిపి ఈ పోలిక రాస్తున్నాను. పంపు కొనేముందు అందరూ "ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడుగుతారు. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఇది చెప్పాపెట్టకుండా ఆగిపోతే ఏమవుతుంది?" రెండు పంపులూ ఒకేసారి ఆగితే కారు ఆగిపోతుంది, తోసి పక్కన పెట్టుకోవచ్చు. ఫుల్ బూస్టులో, అంటే టర్బో ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా ఒత్తుతున్నప్పుడు, రెండింట్లో ఒక్కటే ఆగితే మాత్రం ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. పెట్రోలు చాలక మిశ్రమం లీన్ అవుతుంది, నాకింగ్ (ఇంధనం వేళకాని వేళ పేలడం) మొదలవుతుంది, కొన్ని సెకన్లలో పిస్టన్ పోతుంది. కింద చెప్పే ప్రతి ఎంపికనూ నేను ఈ ప్రశ్నతోనే తూచాను.

ముందు లెక్క వేయండి

టర్బో పెట్రోలు ఇంజిన్ ఫుల్ లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.37 లీటర్లు తాగుతుందని పట్టుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. ఇది ఇంజిన్ దగ్గరి పవర్. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కొలిచిన అంకె మీ దగ్గర ఉంటే, దారిలో పోయేదానికి ఓ 15 శాతం కలుపుకోండి.

ఇప్పుడు బంకుల్లో మనకు దొరుకుతున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ, అది కోరే గాలి కూడా తక్కువ. మామూలు పెట్రోలు ఒక వంతుకు 14.7 వంతుల గాలి సరిపోతే, ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి 9 శాతం దాకా ఎక్కువ ఇంధనం పోయాలి. పాత ట్యూనింగ్ లెక్కలు చూసి పంపు కొనేవాళ్లు తరచూ మరిచిపోయేది దీన్నే.

400 హార్స్‌పవర్ బండిని తీసుకుందాం. 400 ఇంటూ 0.37 అంటే 148 లీటర్లు. ఈ20 కోసం 9 శాతం కలిపితే 161. పంపు అరుగుతుంది, వేసవిలో పెట్రోలు వేడెక్కుతుంది, కాబట్టి ఇంకో 20 శాతం చేతిలో ఉంచుకుంటే 194. డబ్బా మీద 255 అని ఉంది కదా, చాలదా అంటారా? ఆ అంకె సాధారణంగా 40 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర, 13.5 వోల్టుల దగ్గర కొలిచింది. పెట్రోలు ఒత్తిడిని నిలిపే రెగ్యులేటర్ 3 బార్ దగ్గర ఉండి, మీరు 1.5 బార్ బూస్టు నడిపితే పంపు 4.5 బార్ మీద తోయాలి, అంటే 65 పీఎస్ఐ. అక్కడ 255 పంపు 200 దగ్గరికి పడిపోతుంది. వైరులో ఒక వోల్టు పోతే ఇంకో పదో వంతు పోయిందనుకోండి. నా బండిలో దాదాపు మూడు వోల్టులు పోతున్నాయి.

అదే లెక్కతో 700 హార్స్‌పవర్‌కు 340 లీటర్లు కావాలి. 5 బార్ మీద సైతం ఒక్క 450 తరగతి పంపు దాన్ని అందిస్తుంది. 900 అనుకుంటే 435 దాటుతుంది, అక్కడ ఒక్క 450 ఇక చాలదు. నా లెక్కలో 700 లోపు పవర్ కోరుకునే పెట్రోలు బండికి లీటర్ల కోసమైతే రెండో పంపు అక్కర్లేదు. 800 దాటితే రెండు గురించి ఆలోచించాల్సిందే. ఈ85 లాంటి ఇథనాల్ ఎక్కువ ఇంధనంతో ట్రాక్ బండి కడితే 30 నుంచి 40 శాతం ఎక్కువ పారాలి కాబట్టి ఆ గీత చాలా ముందే వస్తుంది. మన ఊళ్లో మామూలు బంకులో అది దొరకదు గనుక రోడ్డు బండికి ఆ లెక్క వదిలేయండి.

నా ఆక్టేవియాకు పెట్టుకున్న లక్ష్యం 400 కూడా కాదు. మంచి వైరింగ్‌తో ఒక్క 340 తరగతి పంపు వేసుంటే మెహిదీపట్నంలో ఆగాల్సిన పని ఉండేది కాదు.

ఒక పెద్ద పంపు మంచిదని ఎప్పుడంటాను, రెండు ఎప్పుడంటాను

ఒక పంపుకున్న పెద్ద సుగుణం, అది పోతే వెంటనే తెలుస్తుంది. బండి స్టార్ట్ కాదు, లేదా అక్కడికక్కడే ఆగుతుంది. పైపులు తక్కువ, జాయింట్లు తక్కువ, చెక్ వాల్వ్ (పెట్రోలును ఒకవైపే పోనిచ్చే కవాటం) గొడవ లేదు. ట్యాంకులో ఉన్న పాత్రలోనే, కొద్దిపాటి మార్పుతో కూర్చుంటుంది.

లోపం కరెంటు దగ్గర ఉంది. 450, 525 తరగతి పంపులు ఒత్తిడి పెరిగేకొద్దీ 15 నుంచి 20 ఆంపియర్ల దాకా లాగుతాయి. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్‌కు కావాల్సింది ఆ పెట్రోలులో నూరో వంతు కూడా ఉండదు. మిగతాదంతా ఇంజిన్ బే వేడి తగిలి రిటర్న్ లైను గుండా ట్యాంకులోకి తిరిగొస్తుంది. మే నెలలో క్వార్టర్ ట్యాంకుతో కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లి చూడండి, ట్యాంకు మూత చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. వేడెక్కిన పెట్రోలులో ఆవిరి బుడగలు పుడతాయి, పంపు కీచుమంటుంది, ఒత్తిడి ఊగుతుంది. వేసవిలో ట్యాంకు సగం కంటే కిందికి పోనివ్వకపోవడం ఒక్క రూపాయి ఖర్చు లేని మందు.

రెండు పంపుల అసలు లాభం ఇక్కడ కనిపిస్తుంది. రోజువారీ ట్రాఫిక్‌లో 255 లేదా 340 తరగతి పంపు ఒక్కటే నడుస్తుంది, 8 నుంచి 12 ఆంపియర్లు తీసుకుంటుంది, పెట్రోలు తక్కువ వేడెక్కుతుంది. బూస్టు వచ్చినప్పుడే రెండోది లేస్తుంది. ఆల్టర్నేటర్‌కు కూడా ఇదే సుఖం. దాని మీద 90 ఆంపియర్లని రాసి ఉన్నా ఐడిల్‌లో అంత ఇవ్వదు, సగానికి దగ్గర్లో ఉంటుంది. అందులోంచే ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాన్లు, హెడ్‌లైట్లు, ఇంజెక్టర్లు, కాయిళ్లు అన్నీ బతకాలి. వాటి మీద రెండు పెద్ద పంపుల 30, 35 ఆంపియర్లు వేస్తే బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. వోల్టేజీ పడుతుంది, పంపు నెమ్మదిస్తుంది.

కాబట్టి రెండు పెట్టి రెండింటినీ ఎప్పుడూ నడపడం నాకు నచ్చని మార్గం. ఒక పెద్ద పంపు చెడ్డ గుణాలూ, రెండు పంపుల చెడ్డ గుణాలూ రెండూ దాంట్లో ఉన్నాయి. పైగా వాటిలో ఒకటి చచ్చినా ఐడిల్‌లో, మామూలు డ్రైవింగ్‌లో మీకు తెలియదు. రెండోది ఒక్కటే బండిని హాయిగా లాక్కొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద యాక్సిలరేటర్ అదిమిన రోజు బయటపడుతుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

మూడో దారిగా వేగం మార్చుకునే బ్రష్‌లెస్ పంపులు వచ్చాయి. కంట్రోలర్ అవసరాన్ని బట్టి పంపును నెమ్మదిగానో వేగంగానో తిప్పుతుంది. చప్పుడు తక్కువ, వేడి తక్కువ. ఖర్చు బాగా ఎక్కువ, కంట్రోలర్ పోతే ఇక్కడ వెంటనే దొరకదు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే బండికి నేను వద్దంటాను.

రెండే కావాలంటే, ఎక్కడ పెట్టాలి

ట్యాంకు లోపల పక్కపక్కనే రెండు పెట్టి, పైన వై ఆకారపు జాయింట్‌తో కలపడం నా మొదటి ఎంపిక. పెట్రోలులో మునిగి ఉంటే పంపు చల్లగా ఉంటుంది, చప్పుడు చేయదు. ప్రతి పంపు తరువాత, వై కలిసే ముందు, చెక్ వాల్వ్ ఉండి తీరాలి. లేకపోతే నడుస్తున్న పంపు తోసిన పెట్రోలు నిద్రపోతున్న పంపులోంచి తిరిగి ట్యాంకులోకే జారిపోతుంది. కొన్ని పంపుల్లో అది లోపలే ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ట్యాంకు లోపల వాడే చిన్న హోస్ ముక్క విషయంలో చాలామంది దెబ్బతింటారు. మామూలు ఫ్యూయల్ హోస్ లోపలి పొర మాత్రమే పెట్రోలును తట్టుకుంటుంది, బయటి రబ్బరు తట్టుకోదు. మునిగి ఉండేదానికి ఎస్ఏఈ జే30ఆర్10 అని అచ్చు వేసిన హోస్ కావాలి. జే30ఆర్9 వేస్తే కొన్ని నెలల్లో ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు దగ్గర చీలుతుంది. చీలిక ట్యాంకు లోపలే కాబట్టి బయట చుక్క కారదు. పవర్ తగ్గిందని మీరు టర్బోను అనుమానిస్తూ తిరుగుతారు.

ట్యాంకులోని పంపు నుంచి డిక్కీలో ఉన్న సర్జ్ ట్యాంకుకు (ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న ట్యాంకు), అక్కడి నుంచి బయటి పెద్ద పంపుతో ఇంజిన్‌కు పంపడం రెండో పద్ధతి. మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు పోయి పంపు గాలి పీల్చే బాధ దీంతో తీరుతుంది. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో ఏటా వెళ్లేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. రోడ్డు బండికి మాత్రం డిక్కీలో పెట్రోలు పెట్టుకు తిరగడం నాకు ఇష్టం లేదు. సెడాన్‌లో సీటు వెనక ఇనుప గోడ మూసి, ఆవిరి బయటికి పోయే గొట్టం వేస్తే ఒప్పుకుంటాను. పోలో లాంటి హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ పిల్లలు కూర్చునే సీటుకీ మధ్య గోడే ఉండదు. అక్కడ వద్దు.

ఒకదాని వెనక ఒకటి వరుసగా పెట్టే పద్ధతి కూడా ఉంది. వాటిలో ఏది ఆగినా మొత్తం పారుదల కుంటుపడుతుంది, లాభమేమో తక్కువ. దాన్ని పక్కన పెట్టండి.

రెండు పంపులు పెట్టినప్పుడు వచ్చే లైనుతోపాటు తిరిగి వెళ్లే లైను కూడా చూసుకోవాలి. కంపెనీ సన్నని రిటర్న్ పైపే ఉంచితే ఐడిల్‌లో మిగులు పెట్రోలు పోవడానికి దారి చాలక రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, ఒత్తిడి ఉండాల్సిన దానికంటే పెరిగిపోతుంది. ఇంజిన్‌కు రావడానికి ఏఎన్-8 సైజు హోస్, ట్యాంకుకు పోవడానికి కనీసం ఏఎన్-6 సైజు వేసుకోండి. రాణిగంజ్‌లో హైడ్రాలిక్ దుకాణాల్లో దొరికే జేఐసీ ఫిట్టింగుల కోణం 37 డిగ్రీలు, ఏఎన్ ఫిట్టింగులదీ అదే, కాబట్టి అవి కూర్చుంటాయి. అక్కడి హైడ్రాలిక్ హోస్ మాత్రం తెచ్చుకోవద్దు, దాని లోపలి రబ్బరు ఆయిల్ కోసం చేసింది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొర ఉన్న హోస్ మేలు. అందులోనూ స్థిర విద్యుత్తును పోనిచ్చే నల్లటి లోపలి పొర ఉన్నదే అడగండి.

రెండో పంపును ఎవరు లేపాలి

అన్నిటికంటే తేలిక పద్ధతి ప్రెషర్ స్విచ్. మన దగ్గర హాబ్స్ స్విచ్ అంటారు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ మానిఫోల్డ్‌కు గొట్టం కలిపి, 5 పీఎస్ఐ బూస్టు దగ్గర మూసుకునేలా పెడతారు. చవక, ఎవరైనా వేయగలరు, ఏ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అయినా పరవాలేదు. కానీ ఆ స్విచ్ ఇరుక్కుపోతే, లేదా దాని సన్న గొట్టం ఊడిపోతే, రెండో పంపు లేవదు. ఈసీయూకి ఆ సంగతి తెలియదు, అది మామూలుగానే బూస్టు ఇస్తూ పోతుంది. పిస్టన్లు కరిగిన బండి ఒకదాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. కారణం ఆ గొట్టం మీద ఎండకు పగిలిన చిన్న గీత.

స్విచ్చే వేస్తానంటే కనీసం రెండో పంపుకు వెళ్లే వైరు నుంచి డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న బల్బు పెట్టించుకోండి. బూస్టు వచ్చినప్పుడు వెలగాలి. పంపు తిరుగుతోందని అది చెప్పలేదు, కరెంటు చేరిందని మాత్రం చెబుతుంది. ఏమీ లేనిదానికంటే అది ఎంతో నయం.

ప్రోగ్రామ్ చేయగలిగే ఈసీయూ ఉంటే దాని చేతికే అప్పజెప్పండి. రెండో పంపును ఇంజెక్టర్ల పని సగానికి చేరకముందే, లేదా బూస్టు 0.3, 0.4 బార్ దగ్గరే లేపండి. ఆపేటప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యంగా ఆపండి. అలా కాకపోతే గేరు మార్చిన ప్రతిసారీ రిలే టిక్ టిక్‌మని కొట్టుకుంటూ అరుగుతుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ రెయిల్ మీద ఒక ప్రెషర్ సెన్సర్ వేసి, ఒత్తిడి ఉండాల్సిన దానికంటే అర బార్ పడితే బూస్టు కోసేలా, ఇంకా పడితే ఇంజిన్ కట్ అయ్యేలా పెట్టించండి. రెండు పంపుల బండికి సెన్సర్ లేకపోతే ఫుల్ బూస్టు పెట్టొద్దని నేను గట్టిగా చెబుతాను. డబ్బు ఒక్కదానికే ఉంటే రెండో పంపు ఆపి, సెన్సర్ కొనండి.

కంపెనీ ఈసీయూతోనే నడిపే బండిలో రెండో పంపు వేయాల్సిన పరిస్థితి రావడం అరుదు. వస్తే ఆ బండికి ఈసీయూ కూడా మార్చాల్సిన సమయం వచ్చిందన్నమాట.

వైరింగ్: ఉస్తాద్ దగ్గర కూర్చుని నేర్చుకున్నది

ప్రతి పంపుకూ తన రిలే, తన ఫ్యూజు, తన వైరు, తన ఎర్తు. ఇందులో దేన్నీ పంచుకోనివ్వద్దు. బ్యాటరీ బానెట్ కింద ఉంటే అక్కడి నుంచి డిక్కీకి 5 మీటర్ల వైరు పడుతుంది. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 18 ఆంపియర్లు పోతే, ఆ 5 మీటర్ల మీద 0.4 వోల్టు పోతుంది. 2.5 అయితే 0.7 దాకా పోతుంది. 6 అయితే 0.3 లోపే. 255, 340 పంపులకు 4, 450 తరగతికి 6 వేయండి. ఫ్యూజులు వరసగా 15, 20, 30 ఆంపియర్లు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. డిక్కీలో పెడితే మధ్యలో ఉన్న వైరుకు కాపలా ఉండదు. అది ఎక్కడైనా ఇనుముకు రాసుకుంటే నేరుగా మంటే.

ట్రూప్ బజార్‌లో వైరు అడిగితే ఇంటి వైరింగుకు వాడే 4 స్క్వేర్ ఎంఎం చేతిలో పెడతారు. రాగి మంచిదే, కానీ దాని పీవీసీ తొడుగు సాధారణంగా 70 డిగ్రీల దాకానే, తీగలు కూడా లావుగా ఉంటాయి. బండి వణుకుకు లగ్గు దగ్గర ఒక్కొక్కటే తెగుతాయి. సన్నని తీగలతో, 105 డిగ్రీలు తట్టుకునే ఆటోమొబైల్ వైరు అడిగి తీసుకోండి.

రిలే కనెక్షన్ ఇలా. మొదటి రిలేలో 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన వైరు, 87 నుంచి మొదటి పంపుకు, 86కి కంపెనీ పాత పంపు వైరు, 85కి ఎర్తు. పాత పంపు వైరు ఇక కరెంటు మోయదు, రిలేకు సంకేతం మాత్రమే ఇస్తుంది. రెండో రిలేలో 30, 87 అలాగే తన ఫ్యూజుకు, తన పంపుకు. 86కి మొదటి రిలేకు ఇచ్చిన అదే పాత పంపు వైరు. 85ని మాత్రం ఈసీయూ అవుట్‌పుట్‌కో, హాబ్స్ స్విచ్ మీదుగా ఎర్తుకో ఇవ్వండి. ఇలా చేస్తే మొదటి పంపుకు ఆదేశం లేనప్పుడు రెండోది ఎట్టి పరిస్థితుల్లోనూ తిరగదు.

ఇది ప్రాణాల మీది విషయం కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఇంజిన్ ఆగిపోతే ఈసీయూ పంపు వైరును ఆపేస్తుంది. యాక్సిడెంట్ అయి పైపు తెగినప్పుడు పెట్రోలు చిమ్మకుండా కాపాడే ముఖ్యమైన ఏర్పాటు అదే. కొందరు తేలికని 86ని నేరుగా ఇగ్నిషన్ కీకి కలుపుతారు. అప్పుడు బండి బోల్తా పడి ఇంజిన్ ఆగినా, కీ ఆన్‌లో ఉన్నంతసేపు రెండు పంపులు గంటకు వందల లీటర్లు తెగిన పైపులోంచి తోస్తూనే ఉంటాయి. మీ బండిలో ఇలా కలిపి ఉంటే ఈ వారంలోనే మార్పించుకోండి.

ఐదు పిన్నుల రిలేలో 87ఏ అని ఇంకొకటి ఉంటుంది, రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు అది కరెంటు ఇస్తుంది. దానికి పంపు కలిపితే కీ తీసేశాక పంపు తిరుగుతుంది. లోపల డయోడు ఉన్న రిలే అయితే 86 ప్లస్, 85 మైనస్, తిరగేయొద్దు. కొన్ని కొత్త కార్లలో కంపెనీ పంపు వైరులో కరెంటు ముక్కలు ముక్కలుగా, వేగంగా ఆగుతూ వస్తుంది, పంపు వేగం మార్చడానికి. అలాంటి వైరును రిలేకు ఇస్తే అది గడగడలాడి చస్తుంది. ఆ బండ్లలో ఈసీయూ నుంచి వేరే సంకేతం తీసుకోవాలి.

ఎర్తు మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. ప్లస్ వైరు 6 వేసి, ఎర్తు పాత సన్న వైరుకే వదిలేస్తారు. వెళ్లిన కరెంటంతా తిరిగి రావాలి కదా, అదీ అంత లావే ఉండాలి. రెండు పంపుల ఎర్తులు వేర్వేరు బోల్టులకు ఇవ్వండి, పెయింటు గీకి, తెల్లటి ఇనుము కనిపించాక బిగించి, పైన గ్రీజు రాయండి. ఒకే బోల్టుకు రెండూ ఇస్తే ఆ బోల్టు వదులైన రోజు రెండు పంపులూ సగం బలంతో తిరుగుతాయి.

చివరిది, నా బండిలో కరిగింది: ట్యాంకు మూత. కంపెనీ కనెక్టర్ పిన్నులు కంపెనీ పంపు తీసుకునే కొద్దిపాటి కరెంటు కోసం చేసినవి. రెండు పంపులకు వేర్వేరుగా లావు స్టడ్డులున్న, పెట్రోలు కారని పాస్‌త్రూ (మూతలోంచి కరెంటును లోపలికి పంపే భాగం) వేయించాలి. లోపలి వైరు పీటీఎఫ్ఈ తొడుగుదే ఉండాలి, మామూలు ఇన్సులేషన్ టేపు, హీట్ ష్రింక్ పెట్రోలులో కరిగి జిగురై ఫిల్టరుకు అంటుకుంటాయి. టంకం పెట్టకుండా మంచి క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లకు

పోలో జీటీ టీఎస్ఐ, కొత్త ఆక్టేవియా లాంటివాటిలో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతారు. ట్యాంకు పంపు తక్కువ ఒత్తిడితో పంపిస్తే, ఇంజిన్ మీదున్న క్యామ్‌తో తిరిగే పంపు దాన్ని 100 బార్ దాటిస్తుంది. ఇక్కడ ముందు అలిసేది చాలాసార్లు ఆ పై పంపే. ట్యాంకులో రెండు పెట్టినా దానికి చేయగలిగిన సాయం కొద్దే. మీ ట్యూనర్‌తో లాగ్ (బండి నడుస్తుండగా ఈసీయూ అంకెల రికార్డు) తీయించి రెండు ఒత్తిళ్లూ చూడండి. తక్కువ ఒత్తిడి వైపు పడుతుంటేనే ట్యాంకు పంపు మాట, అదీ మంచి ఒక్క పంపుతో తీరిపోతుంది.

కొనేటప్పుడు, వేశాక

వాల్‌బ్రో లాంటి పేరున్న పంపులకు నకిలీలు చాలా ఉన్నాయి. డబ్బా, స్టిక్కర్ చూసి చెప్పలేం, కొలిచే చెప్పాలి. రెగ్యులేటర్‌ను 3 బార్ దగ్గర పెట్టి, రిటర్న్ పైపును కొలత గీతలున్న క్యానులోకి పెట్టి, ఒక పంపును మాత్రమే 30 సెకన్లు నడపండి. 255 పంపయితే 2 లీటర్లకు దగ్గరగా రావాలి. తరువాత రెండోదాన్ని ఒక్కదాన్నే. తరువాత రెండూ. రెండూ కలిసినప్పుడు విడివిడి అంకెల మొత్తానికి దగ్గరగా రాకపోతే పైపులోనో ఫిల్టరులోనో ఎక్కడో ఇరుకు ఉంది. ఇది ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కన ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని, ఇద్దరు మనుషులుంటేనే చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దే వద్దు, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందే పేరుకుపోతుంది.

ఇన్సూరెన్స్ వాళ్లకు మార్పులు రాతపూర్వకంగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. కాబట్టి పెద్ద పవర్ ఉన్న ఇంజిన్ మార్పులు ట్రాక్ బండికే ఉంచుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మనతోపాటు కుటుంబాలు వెళ్తుంటాయి.

నా ఆక్టేవియాలో ఇప్పుడు ఒక్క 340 పంపు ఉంది. 4 స్క్వేర్ ఎంఎం వైరు, కొత్త పాస్‌త్రూ, డిక్కీలో ఎర్తు, రెయిల్ మీద సెన్సర్. ఏసీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ ప్లస్‌కూ పంపు ప్లస్‌కూ మధ్య మీటరు పెడితే 0.3 వోల్టు, ఎర్తు వైపు 0.1 చూపిస్తుంది. ప్లస్ వైపు 0.5, ఎర్తు వైపు 0.2 దాటితే ఎక్కడో జాయింటు వేడెక్కుతోందని అర్థం. ఏటా ఏప్రిల్‌లో, ఎండలు ముదిరే ముందు, ఉస్తాద్ దగ్గరికి వెళ్లి ఈ రెండు అంకెలూ కొలిపించి సర్వీస్ బుక్కులో తేదీ వేసి రాసుకుంటున్నాను.